అయస్కాంతం సారు

పైపుల కంపెనీ గోడౌన్‌లో సరుకు చూసి దించుకునే పెద్దమనిషిని అందరూ అయస్కాంతం సారు అంటారు. అది బిరుదనుకుని మురిసిపోతాడు. తాళాల గుత్తికి అయస్కాంతం ముక్కొకటి కట్టుకుని, పొట్ట ముందు, తాను వెనక నడుస్తాడు. వచ్చిన ప్రతి స్టీలు పైపుకూ దాన్ని ఆనిస్తాడు. అంటుకుంటే పెదవి విరుస్తాడు, అంటుకోకపోతే అసలైన స్టెయిన్‌లెస్ అని తలాడిస్తాడు. ఆయన విద్యంతా అంతే. అంటుకోకపోయినా తుప్పు పట్టే చవక రకం ఉంటుందనీ, పైపు మీద కొట్టిన గ్రేడు చూడమనీ అక్కడే వెల్డింగు చేసే మేనల్లుడు మొత్తుకున్నాడు. "నాకే నేర్పుతావురా? నువ్వు పుట్టకముందే ఇనుము నమిలినవాణ్ణి!" అన్నాడు సారు.

సారు తలాడించిన ఆ పైపుల్ని మేనల్లుడి చేతే అతికించి ఐసు ఫ్యాక్టరీలో ఉప్పునీళ్ళ లైనుకు వేశారు. ఏడాది తిరక్కుండానే చిల్లులు పడ్డాయి. కంపెనీ యజమాని నిలదీస్తే సారు గొంతు సవరించుకుని, "సరుకు బంగారమండీ, మావాడి అతుకే చెడ్డది" అన్నాడు. మేనల్లుడి పని ఊడింది. మర్నాడు అక్క ఆ పైపు ముక్క తెచ్చి తమ్ముడి బల్ల మీద పడేసింది. "నా కొడుకు అతుకు చెక్కుచెదరలేదు. చిల్లెక్కడుందో కళ్ళు పెట్టి చూడరా! నా తమ్ముడివైతే వెళ్ళి నిజం చెప్పు" అంది. చిల్లు అతుక్కి జానెడు దూరంలో ఉంది, వేలు దూరేటంత. హమాలీలంతా మెడలు చాచి చూశారు. సారు కూడా చూశాడు. తర్వాత గుత్తి తీసి, ఆ చిల్లు పక్కనే అయస్కాంతం ఆనించాడు.

"అంటుకోవట్లేదు చూడక్కా, మంచి సరుకే" అన్నాడు.