రొయ్యల పెట్టె మీద పసుపు బొట్లు

పాలకొల్లు చుట్టుపక్కల జరిగిన పెళ్ళిళ్ళన్నిటికీ శుభలేఖలు అచ్చువేసింది నేనే. సరే, అన్నిటికీ కాదు. మా వీధి వాళ్ళవి. అదీ బజార్లో పెద్ద ప్రెస్సు మూసి ఉన్న రోజుల్లో వచ్చినవాళ్ళవి. నా ప్రెస్సు మూతపడి చాలాకాలమైంది. అయినా కాగితం, సిరా, జిగురు అన్న మాటలు ఎక్కడ వినబడినా పిలవని పేరంటానికి వెళ్ళినట్టు వెళ్ళిపోతాను. చేపలమ్మాయి గొడవలోకీ అలాగే దూరాను.

ఆమెది సముద్రపొడ్డున పల్లె. గంప నెత్తిన పెట్టుకుని మా వీధిలో చేపలమ్మేది. మోకాళ్ళు అరిగాక తిరగడం మానేసింది. రొయ్యలు వలిచి, థర్మాకోల్ పెట్టెలో ఐసు వేసి, సాయంత్రం బస్సులో హైదరాబాదు పంపడం మొదలుపెట్టింది. అక్కడ కర్రీ పాయింటు నడిపే ఒకావిడ వారం వారం తెప్పించుకునేది. ఆ ఒక్క ఆర్డరు మీదే ఈమె ఇల్లు గడుస్తోంది.

ఈ వానాకాలం ఒక పెట్టె దారి తప్పింది. అడ్రసు తెల్లకాగితం మీద పెన్నుతో రాసి మైదా జిగురుతో అంటించిందిట. పెట్టె చెమర్చి, సిరా కారి, ఆఖరికి కాగితమే ఊడిపోయింది. హైదరాబాదులో దింపినవాళ్ళు దాన్ని పూతరేకుల పార్సిలు కోసం కాచుక్కూచున్న ఒకాయన చేతిలో పెట్టారు. ఆయన ఇంటికి పట్టుకెళ్ళి, రొయ్యలు వేపుడు చేయించుకు తిని, బెల్లం తక్కువైందని పూతరేకులవాళ్ళకి ఫోను చేశాడు.

బెల్లం సంగతి నా కల్పన. తిన్న సంగతి మాత్రం నిజం.

"ఇంకొక్కసారి ఇలాగైతే వేరేవాళ్ళని చూసుకుంటానందండి ఆవిడ, బాబాయిగారూ," అంది చేపలమ్మాయి మా అరుగు మీద కూలబడి. "మళ్ళీ గంపెత్తుకోమంటే ఈ మోకాళ్ళు ఒప్పుకోవండి."

"నేనుండగా నీకేంటమ్మాయ్ భయం? జిగురు గురించి నాకు తెలియంది జిగురుక్కూడా తెలియదు."

"మీరంటించిన శుభలేఖల కవర్లు పెళ్ళికి ముందే విడిపోయేవి కదండీ," అంది మా ఆవిడ లోపల్నించి.

ఆ మాట విననట్టు నటించి మర్నాడే రాజమండ్రి వెళ్ళాను. లేబుళ్ళ కొట్టు మొత్తం తిరగేసి పరీక్షించానని ఊళ్ళో చెప్పుకున్నాను గానీ, నిజానికి కుర్చీలో కూర్చుని టీ తాగాను. చూపించిందంతా కొట్టాయనే. మామూలు కాగితం స్టిక్కరు తడికి నానిపోతుంది. కొట్లలో బిల్లులిచ్చే రకం కాగితం మీద అక్షరాలు త్వరగా వెలిసిపోతాయి. ప్లాస్టిక్కు లేబులైతే నానదు, చిరగదు. కానీ మామూలు జిగురు చలికి బిగుసుకుపోయి పట్టు వదిలేస్తుంది కనుక, ఫ్రీజరు కోసమే చేసిన జిగురు ఉన్నది తీసుకోవాలి.

"ఎంత మంచిదైనా పెట్టె పొడిగా ఉండగానే, ఐసు వెయ్యకముందే అంటించాలండి," అన్నాడాయన. "చెమర్చాక దేవుడు దిగొచ్చి నొక్కినా అంటదండి."

హైదరాబాదు అడ్రసు దాని మీదే అచ్చువేయించి, నాలుగైదు తెచ్చాను. పరీక్షకని ఒకటి మా ఆవిడ గోంగూర పచ్చడి సీసాకి అంటించి ఫ్రీజర్లో పెట్టాను, తరవాత కుళాయి కింద నానబెట్టాను. అది ఊడలేదు. గోళ్ళతో గీరినా ఊడలేదు. మా పచ్చడి ఇప్పటికీ హైదరాబాదు అడ్రసుతోనే ఉంది.

ఆ వారం చేపలమ్మాయి ఆటోలో పొడి పెట్టె తెచ్చింది. నేనే అంటిస్తానని పట్టుబట్టాను. మూత తుడిచి, లేబులు అంటించి, అరచేత్తో అదిమాను. ఆమె రొయ్యలూ ఐసూ నింపి టేపు చుట్టింది. ఇద్దరం అదే ఆటోలో బస్టాండుకి వెళ్ళాం. పార్సిలు కౌంటరు కుర్రాడు పెట్టెను అటూ ఇటూ తిప్పి నవ్వాడు.

"తాతగారూ, మీ లేబులు నాలుగు చేతులా దణ్ణం పెడుతోందండి."

నాలుగు మూలలూ పైకి లేచి ఉన్నాయి. చేపలమ్మాయి ఒక మూల ఎత్తి చూసింది. జిగురు కనబడలేదు, పచ్చగా ఉంది.

"ఇదేంటండీ బాబాయిగారూ, పసుపు?"

అప్పుడు గుర్తొచ్చింది. శుభలేఖ చేతిలోకి తీసుకుంటే నాలుగు మూలలా పసుపు పెట్టడం నా వేళ్ళకి అలవాటు. లేబులుకీ పెట్టేశాను. అవే వేళ్ళతో మూలలు పట్టుకుని వెనక కాగితం ఒలిచాను. జిగురంతా పసుపు తాగేసింది.

"శుభమని..."

"రొయ్యలకి పెళ్ళి చేస్తున్నారేంటండీ!" ఆమె నవ్వలేదు. లేచిన మూలని బొటనవేలితో నొక్కింది. "ఇది పోతే అంతేనండి."

జేబులోంచి ఇంకో లేబులు తీశాను. కండువాతో మూత తుడిచి నొక్కాను. తుడిచినకొద్దీ మూత మళ్ళీ చెమర్చింది. లేబులు జారిపోయింది. అవతల డ్రైవరు హారను కొడుతున్నాడు.

అప్పుడు నా కన్ను ఆటోలోని ఖాళీ పెట్టె మీద పడింది. వచ్చేవారం సరుకు కోసం తెచ్చుకుంది, చుక్క తడి లేకుండా పొడిగా ఉంది.

"మూత మార్చెయ్యమ్మాయ్!" అని అరిచాను.

"చేతులు వెనక్కి పెట్టుకోండి," అంది ఆమె. పెట్టుకున్నాను. పొడి మూత తీసి, మిగిలిన లేబుల్లో ఒకటి తనే అంటించి, పాత మూత తీసేసి కొత్తది బిగించి టేపు చుట్టింది. కుర్రాడు తిట్టుకుంటూనే పెట్టెను బస్సెక్కించాడు.

మర్నాడు పొద్దున్నే కర్రీ పాయింటావిడ ఫోను చేసింది. పెట్టె చేరిందిట. ఖాళీ పెట్టెను నీళ్ళు పట్టుకోడానికి వాడుకుందామంటే లేబులు ఊడి రావడం లేదని విసుక్కుని, వచ్చేవారం ఇంకో పెట్టె కలిపి పంపమంది.

మూత మార్చాలన్న ఆలోచన నిజంగా నాదే. దీన్లో పెంచిందేమీ లేదు. ఒక్కరూ నమ్మరు. కౌంటరు కుర్రాడు తనదే అంటున్నాడు. ద్రాక్షారామం భీమేశ్వరుడి మీద ఒట్టేస్తే మా ఆవిడ, "ఆయన్ని ఇంకెన్ని అబద్ధాలకి సాక్ష్యం పిలుస్తారండీ, పాపం," అంది.

ఇప్పుడు ప్రతివారం లేబులు చేపలమ్మాయే అంటిస్తుంది. చూద్దామని నేను దగ్గరికి వెళ్తానా, తలెత్తకుండానే "చేతులండీ" అంటుంది. బళ్ళో పిల్లాడిలా రెండు చేతులూ చాచి, తిప్పి చూపిస్తాను.