ఉంచు, దించు

బస్సు మలుపు తిరిగేసరికి పక్కనాయన ఒళ్లోని మూట జారి నా పాదం మీద పడింది. అందులోంచి విరిగిన చెక్కముక్క ఒకటి బయటికొచ్చింది. దాని మీద ఆకుల తీగె చెక్కి ఉంది. ఊళ్లు పట్టుకు తిరిగే నాకు ఇలాంటివి కనబడితే నోరు ఊరుకోదు. ఎక్కడిదని అడిగాను.

"ఓ పాత మేడదండి. నా నోటితోనే విరగ్గొట్టాను" అన్నాడు.

ఆయన వడ్రంగి. నూరేళ్లు దాటిన ఆ మేడను లోపల బాగుచేసే పని బావమరిదితో కలిసి ఒప్పుకున్నాడు. ఇంటావిడ షరతు ఒక్కటే: హాలు పైకప్పుకున్న చెక్కపని చెక్కుచెదరకూడదు; చెదిరితే పనికి వేరేవాళ్లొస్తారు. మొన్న ఫోన్ చేసి మరీ గుర్తుచేసింది. దుమ్ముకని నోటికి కట్టుకున్న గుడ్డ తీయడానికి బద్ధకించి, ఈయన కిందినుంచే నిచ్చెన మీది బావమరిదికి "ఉంచు" అని కేకేశాడు. చెక్క నునుపు చేసే మిషను హోరులో అతనికి "దించు" అని వినబడింది. దించాడు. ఎండిపోయిన పలకలు చేతుల్లోనే చిట్లాయి.

అక్షరాల పుట్టుక మీద లావుపాటి పుస్తకాలు చాలా తిరగేశాను గానీ, ఒక్క అక్షరం ఇంత బరువుంటుందని ఎక్కడా చదవలేదు.

అలాంటి చెక్క కోసం కలప అడితులన్నీ తిరిగి, దొరక్క, మేడకే వెళ్తున్నాడట. ఇవాళ ఇంటావిడ వస్తుంది.

"అన్నానికి పిలిస్తే మావాడికి మూడు గదుల అవతలున్నా వినబడుతుందండి. పనిమాటే వినబడదు" అన్నాడు. నవ్వలేదు.

తప్పు అతనిదేనని చెప్పేయొచ్చు కదా అన్నాను.

"వాడు నాదంటాడు. ఇద్దరం ఒకే ఇంట్లో కంచం ముందు కూర్చోవాలి కదా."

మేడ చూడాలనే ఆశకొద్దీ నేనూ దిగాను. మూట నాకిచ్చి ఆయన ముందు నడిచాడు. హాల్లో గోడల సున్నం గీకిన చోట నీలం, దాని కింద పసుపు బయటపడ్డాయి. పైన దూలాలు బోసిగా ఉన్నాయి. విరిగిన పలకల పక్కన ఇంటావిడ నిలబడి ఉంది. అరవలేదు.

"దించమని ఎవరన్నారు?"

"బావేనండి" అన్నాడు బావమరిది నేలచూపులు చూస్తూ. అబద్ధం కాదు, అతని చెవిన పడింది అదే.

వడ్రంగి అతని వైపు చూశాడు. మెడలో ఇంకా వేలాడుతున్న గుడ్డను పీకి జేబులో కుక్కుకున్నాడు.

"నేనే అన్నానమ్మా. వాడు చెప్పింది చేశాడు. వాణ్ణి ఉంచండి."

ఈసారి ఆ మాట అందరికీ సరిగ్గానే వినబడింది. ఆవిడ సరేనని తలాడించింది. "బావా" అంటూ బావమరిది ఓ అడుగు వేసి ఆగిపోయాడు.

ఉలులపెట్టె అక్కడే వదిలి వడ్రంగి మెట్లు దిగాడు. మూట ఇద్దామని వెనకాలే పరుగెత్తాను. ఆయన ఎవరికీ వెళ్లొస్తానని చెప్పలేదు. నా పిలుపుకి తిరిగి చూడకుండా వీధి మలుపు తిరిగిపోయాడు.