తల ఎటు వైపు

దింపుడు కళ్లం దగ్గర మా బాపు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పలేకపోయిన మనిషి మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు. పోవాలని కూడా లేదు.

తెలంగాణ కోసం రైళ్లు బంద్ పెట్టిన రోజులవి. మా అన్నది సెల్ టవర్లు బిగించే పని. పని ఆగకూడదని కంపెనీవాళ్లే విమానం టికెట్ కొనిచ్చారు. అన్న విమానం ఎక్కడం అదే మొదటిసారి. మంచులో కొండ కనబడలేదట, వెళ్లి గుద్దుకుంది. ఎవ్వరూ మిగల్లేదు. కనబడనప్పుడు అంత కిందికి ఎందుకు తెచ్చారని అడిగితే, విచారణ జరుగుతోందని మా నోళ్లు మూయించారు.

చివరికి సీలు వేసిన పెట్టె వచ్చింది. వెంట విమాన సంస్థ మనిషి, నలగని ఇస్త్రీ చొక్కాతో. జనగామలో రాస్తారోకో చేస్తున్న యువకులు పెట్టెను చూసి, ఉద్యమంలో పోయినవాడనుకుని జోహార్లు చెప్పి దారి ఇచ్చారు. కాదని చెప్పే ఓపిక మాకు లేదు.

బాపు భూపాలపల్లి బొగ్గు బాయిలో పనిచేసేవాడు. బాయిలో పోయిన తోటివాళ్లను ఎందరినో భుజాన మోశాడు. మొహం చూడకుండా ఒక్కరినీ సాగనంపలేదు. దంతాలపల్లి పక్కన మా ఊళ్లో పెట్టె దించగానే, "జర తెరువుండ్రి, మొకం సూస్కుంటం," అన్నాడు.

"తెరవకూడదండి, రూల్స్ ఒప్పుకోవు," అన్నాడు ఆ మనిషి.

అమ్మ పెట్టె మీదే స్నానం నీళ్లు పోసింది.

శ్మశానం దారిలో దింపుడు కళ్లం వచ్చింది. శవాన్ని అక్కడ దించి, లేస్తాడేమోనని చెవిలో మూడుసార్లు పిలుస్తారు. లేవరని అందరికీ తెలుసు. అయినా పిలవకుండా ఎవరినీ పంపం. బాపు పెట్టె పక్కన కూర్చుని తలెత్తాడు.

"తల ఎటు దిక్కున్నది సారూ?"

అతను ఈ చివర చూశాడు, ఆ చివర చూశాడు. ఫోన్ చేశాడు. అవతలివాళ్లకూ తెలియదు. "సారీ అండి," అన్నాడు.

నేను అతని కాలర్ పట్టుకున్నాను. "మనిషిని తెచ్చి, తల ఏడున్నదో ఎరుక లేదంటవా? సామాన్లు పంపినా ఏది పైదిక్కో గీత గీస్తరు గదరా."

"ఇడువు బిడ్డా," అన్నాడు బాపు. "ఏదో ఒక దిక్కు ఇనవడతది."

ఈ చివర వంగి మూడుసార్లు పిలిచాడు. మోకాలు పట్టుకుని లేచి, పెట్టె చుట్టూ తిరిగి వచ్చి, ఆ చివర వంగి మళ్లీ పిలిచాడు.