తలుపు పక్క సీటు

తాండూరులో రైలెక్కి వికారాబాద్‌లో దిగి ఆఫీసుకు పోవడం నాకు ఏళ్ల అలవాటు. ఒక పొద్దున బండి కదిలిన కాసేపటికే గుండె దడదడ మొదలైంది. చేతులు తిమ్మిరెక్కాయి, ఊపిరి అందలేదు. చచ్చిపోతున్నాననే అనుకున్నాను. మధ్య స్టేషన్లో దిగి బెంచీ మీద కూలబడితే కొంతసేపటికి అంతా తగ్గిపోయింది. ఏమీ జరగనట్టు తగ్గిపోయినందుకు ఒళ్లు మండింది నాకు.

తర్వాత మళ్లీ వచ్చింది. మళ్లీ మళ్లీ వచ్చింది. ఈసీజీ తీయించాను, బాగుందన్నారు. ఇంకోచోట తీయించాను, అక్కడా బాగుందట. అంతా బాగుంటే నాకెందుకీ చావు? గ్యాస్ అని ఇచ్చిన మాత్రలు మింగుతూ, రైలంటేనే భయమేసి, సెలవులన్నీ వాడేసుకున్నాను. ఇంకా రాకపోతే ఉద్యోగం మర్చిపొమ్మన్నారు ఆఫీసులో.

"జడుసుకున్నవ్ బిడ్డా. మసీదు కాడ ఊదిపిస్త, నడువ్," అంది అమ్మ. సాయంత్రం నమాజు అయ్యేవేళకు గేటు ముందు పసిపిల్లలను చంకనేసుకున్న తల్లుల మధ్య, ఊదించుకోవడానికొచ్చిన ఎదిగిన మనిషిని నేనొక్కదాన్నే. బయటికొచ్చే పెద్దలు దువా చదివి పిల్లల మీద ఊదుకుంటూ వచ్చి నా మీదా ఊదారు. సిగ్గుతో చచ్చాను. ఎక్కడ నిలబడాలో, తల ఎంత వంచాలో అమ్మ అన్నీ తెలిసినట్టు చెబుతుంటే చిరాకేసింది. ఆ పూటకు నెమ్మదించింది కానీ, మర్నాడు స్టేషన్ మెట్ల దగ్గరే మళ్లీ దడ.

చివరికి వికారాబాద్‌లో మనసు డాక్టరుకు చూపించుకుంటానన్నాను. అమ్మ కొంగు తల మీదికి లాక్కుని వెంట బయలుదేరింది. బస్సులో ఎప్పటిలాగే తలుపు పక్క సీటు కోసం కండక్టరుతో కొట్లాడింది. అదో మొండితనం ఆమెకు అనుకునేదాన్ని.

డాక్టరమ్మ నన్ను తలుపు పక్క కుర్చీలో కూర్చోమని, ఏమవుతోందని అడిగింది. నేను నోరు తెరిచేలోపే అమ్మే అందుకుంది.

"గుండె దడదడ కొట్టుకుంటది మేడం. చేతులు తిమ్మిర్లెక్కుతయ్. తలుపు ఏడుందా అని కండ్లు దేవులాడుతయ్. గిప్పుడే పాణం పోతదేమో అనిపిస్తది. ఎవలికన్న చెప్తే పిచ్చి అంటరని ఫికర్."

ప్రాణం పోతుందనిపించే సంగతి అమ్మకు నేను చెప్పనేలేదు. భయపడుతుందని దాచాను. తలుపు సంగతైతే అసలు నాది కానేకాదు.

డాక్టరమ్మ రాయడం ఆపింది. "మీకు ఎప్పటి నుంచమ్మా?"

అమ్మ కొంగు సర్దుకుంది. "ఇది నా కడుపుల పడకముందు సంది," అంది, నా వైపు చూడకుండా.

నేను లేచి అమ్మను నా కుర్చీలో కూర్చోబెట్టాను.