చెల్లెలి నోట్సులో లేని కాగితం

పోయిన ఆదివారం బెంగళూరు బెళ్ళందూరులో మా అమ్మాయి ఇంట్లో ఉన్నాను. పదో తరగతి చదువుతున్న మనవరాలు కింద వీధిలోని జిరాక్సు అంగడి నుంచి నోట్సు ప్రింటు తీయించుకొని వచ్చి, సోఫా మీద బోర్లా పడుకొని తిరగేస్తూ, మధ్యలో ఒక కాగితం రాలేదని గొణిగింది. సైన్సు, సోషలు, లెక్కలు, కన్నడం అన్నీ కలిపి ఇటుకంత మందం ఉన్న కట్ట అది. అందులో ఒక్క కాగితం లేదన్న మాట చెవిన పడగానే నేను వలుస్తున్న చిక్కుడుకాయలు పళ్ళెంలో పడేసి లేచి నిలబడి, ఏ పాఠంలో, ఎన్నో పేజీ, పరీక్ష ఎప్పుడు అని గుక్క తిప్పుకోకుండా అడిగాను. ఆ పిల్ల నన్ను వింతగా చూసి, "చిల్ అమ్మమ్మా, పీడీఎఫ్ ఉంది కదా, ఫోన్‌లో చదువుకుంటా" అంటూ వేలితో రెండుసార్లు పైకి తోసి ఆ పేజీ నా ముక్కు ముందు పెట్టింది. అర నిమిషం కూడా పట్టలేదు. నాకు మాత్రం ఆ పూట మళ్ళీ చిక్కుడుకాయల మీదికి చెయ్యి పోలేదు.

నా ఈడువాళ్ళలో సైక్లోస్టైలు సిరా వాసన ఎరిగినవాళ్ళు కొందరైనా ఉంటారు. మా నాయనకు చిక్కపేటలో, చీరల అంగళ్ళ మధ్య ఒక ఇరుకు సందులో, మేడ మీద రెండు గదుల్లో ఆ మిషను ఉండేది. మావాళ్ళు ఎన్ని తరాల కిందట అనంతపురం వైపు నుంచి బెంగళూరు చేరారో మాకే సరిగ్గా తెలియదు. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, వీధిలో ఏది నోటికొస్తే అది. నాయన చేసే పని ఎస్సెల్సీ పిల్లలకు నోట్సు తయారుచేయడం. అయ్యవార్లు ఒక్కొక్కరు ఒక్కో సబ్జెక్టుకు ప్రశ్నలు జవాబులు రాసి ఇస్తే, ఆయన నేల మీద బాసింపట్టు వేసుకొని, ఇనుప కలంతో స్టెన్సిలనే మైనపు కాగితం మీద ఆ అక్షరాలు గీసేవాడు. తను చదివింది ఎనిమిదో తరగతి. అయినా ఏళ్ళ తరబడి గీసి గీసి పదో తరగతి పాఠాలన్నీ ఆయనకు నోటికి వచ్చేవి, అర్థం మాత్రం అడగకూడదు. మిషను పిడి తిప్పుతూ కిరణజన్య సంయోగక్రియ మొత్తం కన్నడంలో అప్పజెప్పేవాడు, మేము నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వుకునేవాళ్ళం.

కాగితాలు కూర్చే పని నాది, నాకంటే ఏడాది చిన్నదైన మా చెల్లెలిది. ముద్రించి ఆరిన కాగితాలను పేజీల వరుసలో గోడ చుట్టూ కుప్పలుగా పేర్చేవాళ్ళు. మేము వంగి, ఒక్కో కుప్ప నుంచి ఒక్కో కాగితం తీసుకుంటూ గది చుట్టూ తిరిగితే ఒక ప్రతి తయారు. దాన్ని నాయన దబ్బనంతో పొడిచి దారంతో కుట్టేవాడు. కుట్టే ముందు తలెత్తకుండా "అన్నీ ఉండాయా?" అని అడిగేవాడు, మేము "ఉండాయి నాయనా" అనేవాళ్ళం. అంతటితో వదలడు, ఆ ప్రతిని కూర్చినవాళ్ళు చివరి పేజీ మూలన పెన్సిలుతో తమ గుర్తు పెట్టాలి. నాది చిన్న సున్న. చెల్లెలికి అన్నీ సోకులే, కాబట్టి ఆమెది ఐదు కొమ్ముల నక్షత్రం. ఏదైనా ప్రతి తప్పుతో వాపసు వస్తే నాయన ముందు చూసేది ఆ మూలనే.

ఇంకొక ఆచారం ఉండేది మా ఇంట్లో. మంచి ప్రతి ఇంటి పిల్లలకు ఇవ్వరు. సిరా ఎక్కువై అలికినట్టయినవి, తక్కువై కంటికి ఆననివి, ముడతలు పడినవి పక్కన పడేస్తారు కదా, ఆ చెడిన కాగితాలను ఏరి కూర్చిందే మాకు నోట్సు. నేను అలాంటిదే చదివి పాసయ్యాను. చెల్లెలు పదో తరగతికి వచ్చిన ఏడు ఆమె ప్రతి కూర్చే పని నాయన నాకు అప్పజెప్పాడు.

అప్పటికి నేను కాలేజీలో చేరి ఏడాది కాలేదు. చేరడమే పెద్ద గొడవ మీద జరిగింది. ఆడపిల్లకు ఎస్సెల్సీ చాలునని నాయన, చదవనీ అని అమ్మ. ఎట్లాగో చేర్పించాడు కానీ ఆయన మనసు తక్కెడలా ఊగుతూనే ఉండేది. దసరా ముందు నేను కూర్చిన ప్రతిలో కాగితాలు కొన్ని తలకిందులుగా పడితే, కొన్నాయన మేడెక్కి వచ్చి దాన్ని నాయన ఒళ్ళోకి విసిరిపోయాడు. నాయన చివరి పేజీ మూల చూశాడు, నన్ను చూశాడు. "ఇంకొక తూరి నీ సున్న ఉండే ప్రతి తప్పుగా కనబడిందంటే, కాలేజీ లేదు ఏమీ లేదు, ఇంట్లో కూచో" అన్నాడు. ఆయన అన్నాడంటే అన్నట్టే. అది నాకూ తెలుసు, పక్కనే నిలబడి విన్న చెల్లెలికీ తెలుసు.

చెల్లెలి ప్రతి కూర్చిన రోజు బాగా గుర్తు. బయట వాన, నాకు కాలేజీకి వేళవుతోంది. విద్యుత్తు పాఠంలోని ఒక కాగితం సిరా తడి ఆరలేదని, దాని కుప్పను కిటికీ పక్కకు జరిపి పైన రాయి పెట్టి ఉంచారు. గోడ చుట్టూ ఉన్న కుప్పలన్నీ తిరిగి చెడినవి ఏరాను, కిటికీ దగ్గరికి పోవడం మరిచాను. నాయన "అన్నీ ఉండాయా?" అన్నాడు. ఒక్క చేత్తో జడ వేసుకుంటూనే "ఉండాయి నాయనా" అని, మూలన సున్న పెట్టి, గొడుగు తీసుకొని పరుగెత్తాను. వేరేవాళ్ళకు పోయే ప్రతులైతే ఒకరు కూర్చినవి ఇంకొకరు సరిచూసేవాళ్ళం. ఇంటి ప్రతిని ఎవరు చూస్తారు.

ఆ పాఠం ఆ ఏడే కొత్తగా చేర్చారు, ఇంట్లో ఉన్న పాఠ్యపుస్తకం నేను చదివిన పాతది. బడిలో అది చెప్పిన వారమంతా చెల్లెలు గవదబిళ్ళలతో దవడకు గుడ్డ కట్టుకొని పడుకొని ఉంది. అలికిన కాగితాల్లో పేజీ నెంబర్లు సగం కనబడవు. ఉన్నంతవరకే పాఠం అనుకొని, నా మీది నమ్మకంతో, ఆ పిల్ల దాన్ని అక్షరం పొల్లుపోకుండా బట్టీపట్టింది.

చివరి పరీక్ష సైన్సు. ఆ సాయంత్రం ఇంటికి వచ్చి కాళ్ళు కడుక్కొని, పెరటి మెట్ల మీద నోట్సు ఒళ్ళో పెట్టుకొని ఒక్కొక్క కాగితం తిప్పుతూ కూర్చుంది. ఎట్లా రాశావంటే "బాగానే ఉండాది అక్కా" అంది. కాసేపటికి లోపలికి వచ్చి రబ్బరు ఉందా అని అడిగింది. పరీక్షలు అయిపోయాక రబ్బరుతో ఏం పనే అని ఎగతాళి చేసి, నా పెట్టెలోది తీసి ఇచ్చాను.

ఫలితాలు వచ్చాయి. అన్నింటిలోనూ పాసై సైన్సులో నాలుగు మార్కులతో తప్పింది. నాయన నోట్సు తెమ్మన్నాడు. ఆయనకు ప్రతి పేజీ నోటికి తెలుసు కదా, విద్యుత్తు పాఠంలో ఒక కాగితం లేదని రెండు నిమిషాల్లో పట్టేశాడు. నేను తలుపు వెనక ఉన్నాను. ఆయన చివరి పేజీకి తిప్పాడు. ఇక అయిపోయింది నా చదువు అనుకున్నాను.

ఆ ఏడు కుట్టిన వందల ప్రతుల్లో ఏది ఎవరు అందించారో ఆయనకు గుర్తుండదు, మూలన ఉన్న గుర్తే సాక్ష్యం. నాయన తలెత్తి చూసింది నన్ను కాదు, చెల్లెలిని. "అక్కకు చెప్తే, దీన్ని నువ్వా కూర్చుకునింది? నీ పుస్తకంలో కాగితం లేదని నీకే తెలియలేదంటే నీకు చదువు మీద ఏం శ్రద్ధ ఉండాది?" అన్నాడు. చెల్లెలు నేల చూస్తూ నిలబడింది. సెప్టెంబరులో మళ్ళీ రాయిద్దామని అమ్మ బతిమాలింది. శ్రద్ధ లేనిదానికి ఎన్ని తూర్లు రాయించినా అంతేనని తేల్చేశాడు.

అది కూర్చింది నేనని నాకు తెలుసు, సున్న పెట్టింది నేనని తెలుసు. అక్కడ నక్షత్రం ఎట్లా వచ్చిందో ఆ క్షణంలో అర్థం కాలేదు, అర్థం చేసుకోవాలని ప్రయత్నించనూ లేదు. నిజం చెబుతున్నాను, ముందు నాకు కలిగింది ఆశ్చర్యం కూడా కాదు, ఊపిరి ఆడింది. నేనే కూర్చాను నాయనా, అని మూడు మాటలు అంటే సరిపోయేది. నాయన కఠినుడే కానీ అన్యాయం చేసే మనిషి కాదు, చెల్లెలి చేత పరీక్ష రాయించేవాడు. నా కాలేజీ పోయేది, అంతే. ఆ అంతే అన్నది అప్పుడు నాకు కొండంత. ఇవాళ చెబుదాం, రేపు చెబుదాం అనుకుంటూనే పుస్తకాలు పట్టుకొని బస్సెక్కేదాన్ని, సెప్టెంబరు వచ్చింది, పోయింది.

చెల్లెలు ఆ తరువాత నా వంతు కూర్పు కూడా తనే చేసింది, పంతొమ్మిదో ఏట పెళ్ళి చేసుకొని కాడుగోడికి పోయింది. మరిదిగారికి అక్కడ పూలతోటలు. నేనేమో చదివి చదివి టీచరునయ్యాను, అదీ సైన్సు టీచరును. విద్యుత్తు పాఠం నోట్సు చెప్పి రాయించవలసిన రోజు వస్తే పేజీలు రెండుసార్లు లెక్కపెట్టుకునేదాన్ని. వెనక బెంచీలో ఎవరైనా వెనకబడి "మిస్, ఒక లైను తప్పిపోయింది" అంటే ఎన్నిసార్లయినా మళ్ళీ చెప్పేదాన్ని. మంచి టీచరని పేరొచ్చింది. ఆ పేరు వెనక ఏముందో ఎవరికి తెలుసు.

పదేళ్ళ కిందట ఒకసారి కాడుగోడిలో, ఆమె పొయ్యి దగ్గర కూర్చొని రాగిముద్ద కెలుకుతుంటే, తెగించి, ఆ నోట్సు సంగతి నీకు గుర్తుందా అని మొదలుపెట్టాను. నా మొహం వంక చూసింది. "అక్కా, మల్లెలు ఎత్తుకుపోను ఆటో వచ్చినట్టుండాది, ఉండు" అని చేతులు కడుక్కొని బయటికి పోయింది. ఆటో రాలేదు. తిరిగి వచ్చాక తన మనవడికి పాలపళ్ళు వస్తున్న సంగతి మాట్లాడింది, నేనూ పళ్ళ గురించే మాట్లాడాను.

పోయినేడు ఆమె పోయింది. పదకొండో రోజు అయ్యాక ఆమె కూతురు ఒక పాత చీర ముక్కలో చుట్టిన కట్ట తెచ్చి నా చేతిలో పెట్టింది. "పెద్దమ్మా, అమ్మ దీన్ని బీరువాలో దాచిపెట్టుకోనుండె. మేం పదో తరగతి చదివేటప్పుడు అడిగినా ఇయ్యలేదు. నీకైతే పనికొస్తుందేమో, టీచరు కదా" అంది.

విద్యుత్తు పాఠం తెరిచాను. లేని కాగితం ఉంది. నాయన స్టెన్సిలు అక్షరాల్లాగే గుండ్రంగా, నీలం సిరాతో చేత్తో రాసి, అదే దారంతో కుట్టుకుంది. రాయనివ్వని సెప్టెంబరు పరీక్ష కోసం రాసుకున్నదని కింద గీతలు చూస్తే తెలిసింది, ముఖ్యమైన చోటల్లా గీత గీసుకుంది. తరువాత చివరి పేజీ తిప్పాను. మూలన నక్షత్రం. కిటికీ వెలుతురుకు ఏటవాలుగా పట్టుకుంటే, దాని కింద రబ్బరుతో రుద్దీ రుద్దీ కాగితం పలచబడి, అరిగిన చోట గుండ్రటి గాడి కనబడింది. పదహారేళ్ళ పిల్ల, తను తప్పుతానని తెలిసిన సాయంత్రం, నా రబ్బరు అడిగి తీసుకొని నా కాలేజీని కాపాడింది.

ఇప్పటి నోట్సు చివర ఎవరి గుర్తూ ఉండదు. ఎవరు రాశారో, ఎవరు కూర్చారో తెలియదు, పేజీ తప్పితే అర నిమిషంలో దొరుకుతుంది, ఒకరి తప్పుకు ఇంకొకరి చదువు పోయే పని లేదు. పిల్లలకు ఇదే మేలు, నేను కాదనను. నా దగ్గరున్న ప్రతిలో మాత్రం గుర్తు తప్పుగా ఉంది. బెళ్ళందూరు నుంచి వచ్చిన మరునాడు, మనవరాలిని అడిగి తెచ్చుకున్న పెన్సిలుతో ఆ నక్షత్రం పక్కన నా సున్న పెట్టాను. అది గుండ్రంగా రాలేదు. మూల చూసి నన్ను అడగడానికి నాయన లేడు, ఇప్పుడెందుకక్కా అనడానికి చెల్లెలూ లేదు.