గాజు గొట్టం పక్కన ఇరవై నిమిషాలు

ఇరవై నిమిషాలు నిండాక ల్యాబు మనిషి గాజు గొట్టాన్ని వంచాడు. మా అన్న రక్తం నీళ్లలా ఒక పక్కకు జారింది. గడ్డకట్టలేదు. విషం ఎక్కిందన్నాడు డాక్టరు. ఆసుపత్రిలో ఉన్న పాముకాటు మందు సీసాలన్నీ అన్నకే ఎక్కించారు.

ముప్పై ఏళ్ల పైమాట ఇది. మొన్న అనంతపురంలో షుగరు పరీక్షకు వెళ్లినప్పుడు మళ్లీ కళ్ల ముందుకు వచ్చింది. రక్తం తీసే అమ్మాయి, నా మనవరాలి వయసుది, రెండు గొట్టాలలో పట్టి, ఎర్రమూతదాన్ని స్టాండులో నిలబెట్టి, ఊదామూతదాన్ని మాత్రం మెల్లగా తిరగేస్తూ ఉంటే, పత్రికలో పనిచేసిన అలవాటు పోక ఎందుకలా అని అడిగాను.

“దీంట్లో మందుండాది తాతా, రక్తాన్ని గడ్డకట్టనీదు. మిషన్లో తిప్పితే పైన తేలే పసుపు నీళ్లు ప్లాస్మా. ఆ ఎర్రమూతదాంట్లో రక్తం దానంతటదే గడ్డకడతాది, మిగిలే నీళ్లు సీరం. చూసేకి రెండూ ఒకటే. గడ్డకట్టించే సరుకు ప్లాస్మాలో అట్లే ఉంటాది, సీరంలో ఖర్చయిపోయింటాది.”

అప్పట్లో నేను కుందుర్పి వైపు నుంచి ఒక పత్రికకు కొత్తగా వార్తలు పంపుతుండేవాణ్ణి. వరసగా వానలు తప్పిన కాలం. అరకొరగా పండిన చెనిక్కాయ చెట్లు పీకుతుండగా అన్న కాలికి ఏదో కరిచింది, పామును ఎవరూ సరిగా చూడలేదు, కాలు కూడా కొద్దిగానే వాచింది. స్కూటరు మీద ఆసుపత్రికి తీసుకుపోయాను. ల్యాబు మనిషి రక్తం గొట్టంలో పోసి, “కదిలించొద్దప్పా, గడ్డకడితే బాధ లేదు, కట్టకపోతే విషమే” అని చెప్పి, నన్ను పక్కనే స్టూలు మీద కూర్చోబెట్టి పోయాడు. గడియారాన్నీ గొట్టాన్నీ మార్చి మార్చి చూస్తూ కూర్చున్నాను. కింద సోపు నీళ్ల బేసిన్లో వాడిన గొట్టాలు మునిగి ఉన్నాయి, వాటిని మళ్లీ కడిగేందుకు పక్కన ఒకే ఒక్క చెంబు నీళ్లున్నాయి. నాలుగు రోజులుగా ట్యాంకరు రాలేదట. బెంచీ మీద పడుకున్న అన్న, “ఏమిరా పేపరోడా, నన్ను ఎన్ని లైన్లల్లో రాస్తావు?” అని నవ్వాడు.

మందు ఎక్కించిన గంటకు పక్క ఊరి కూలీ ఆడమనిషిని పాము కరిచిందని తెచ్చారు. ఆమె చిగుళ్ల నుంచి రక్తం కారుతోంది. మందు అయిపోయింది, అనంతపురం తీసుకుపొమ్మన్నాడు డాక్టరు. ఆమె భర్త వాకిట్లో నిలబడ్డ నన్ను ఆసుపత్రి మనిషి అనుకొని, “ఒక్క సీసా గూడా లేదా అన్నా?” అని అడిగాడు. లేదన్నట్టు తల ఊపాను. ఆమె దారిలోనే పోయింది.

మరునాడు ఆ వార్త నేనే రాశాను, నాలుగు లైన్లు. సీసాలు ఎవరికి ఖర్చయినాయో రాయలేదు, ఎవరూ అడగలేదు. ఇన్నేళ్లలో ఆ వార్త తలుచుకొని ఏడ్చిందీ లేదు.

మొన్న ఆ అమ్మాయిని ఇంకొకటి కూడా అడిగాను, వెనకటి గాజు గొట్టాల్లా వీటిని కడిగి వాడరా అని.

“ల్యేదు తాతా, ఒకసారి వాడి పారేసేదే. అయినా సోపు సరిగ్గా పోకుండా గాజుకు కొంచెం అంటుకొనుంటే, మంచి రక్తం గూడా గడ్డకట్టదు.”

పరీక్ష కాగితం తీసుకొని బస్టాండుకు నడిచి వచ్చాను.

అన్న ఇప్పటికీ ఉన్నాడు, ఈ మాట ఆయనకు చెప్పలేదు. ఆ రోజు సాయంత్రం ఇంకో గొట్టంలో పోసిన ఆయన రక్తం చక్కగా గడ్డకట్టింది, మందు పనిచేసిందని అందరం అనుకున్నాం. ఇప్పుడు గొట్టాలు కడిగే పని లేదు, చెంబు నీళ్లతో సర్దుకోవలసిన అవసరమూ లేదు. మొదటి గొట్టంలో రక్తాన్ని గడ్డకట్టకుండా ఆపింది విషమో, సోపో తెలియదు. ఆ పూటే దాన్ని కడిగి మళ్లీ స్టాండులో పెట్టారు.