బంద్ చెయ్యొద్దన్న ల్యాప్‌టాప్

నా భార్య చనిపోయి ఇరవై రోజులైంది. ఆ రోజు పొద్దున టీ తాగి, ఎప్పటిలాగే ల్యాప్‌టాప్ ముందు కూర్చుంది. తొమ్మిదింటికి ఛాతీలో బరువుగా ఉందంది. ఆటో పిలిచాను. గడప దాటుతూ వెనక్కి తిరిగి, "దాన్ని బంద్ చెయ్యకయ్యా, పిల్లలు లోపల్నే ఉన్నరు" అంది. సిరిసిల్ల ఆసుపత్రికి చేరేసరికి మాట పడిపోయింది. పదకొండింటికి పోయింది. నాతో అన్న చివరి మాట నా గురించి కాదు.

ఆ పిల్లలెవరో మీకు చెప్పాలి. ఆమె జగిత్యాలలో ఒక కాలేజీలో నెట్‌వర్కింగ్ పాఠం చెప్పేది. కంప్యూటర్లను ఒకదానితో ఒకటి కలిపే స్విచ్ అనే పెట్టె అక్కడ ఒక్కటే ఉండేది, అదీ బీరువాలో, తాళం వేసి. పాడవుతుందని ఎవరినీ ముట్టనిచ్చేవారు కాదు. ఉద్యోగం మానేశాక ఆమె ఇంట్లోనే, సాఫ్ట్‌వేర్‌తో ల్యాప్‌టాప్ లోపల అలాంటి స్విచ్‌లు తయారుచేసింది. మూడింటికి సిరిసిల్ల, జగిత్యాల, కోరుట్ల అని పేర్లు పెట్టింది. కోరుట్ల నుంచి ముగ్గురు పిల్లలు ఇంటర్నెట్‌లో వాటిలోకి వచ్చి సాధన చేసేవారు.

"పాడు చెయ్యుండ్రి బిడ్డా, పాడు చేస్తెనే అస్తది" అనేది ఫోన్లో. నేను అన్నంలో నీళ్ళు ఎక్కువ పోస్తే మాత్రం ఊరుకునేది కాదు.

నాకు ఆ స్విచ్‌లంటే అసూయ. దాచను. సాయంత్రం అలా నడిచొద్దాం రమ్మంటే, తల ఎత్తకుండా వేలు చూపించి ఆగమనేది. పిల్లలు తమ తప్పు తామే పట్టుకుంటే తనలో తాను నవ్వుకునేది. ఆ నవ్వు నాకు పెళ్ళయిన కొత్తలో తెలుసు.

"లేని స్విచ్చులకు గింత సేవ చేస్తవు. ఉన్న మొగణ్ణి చూస్తలేవు" అన్నానొకసారి.

"అవి హ్యాంగయితె రీస్టార్ట్ చేస్త. నీకు ఆ బటనే లేదాయె."

దహనం అయ్యాక ఇంటికొచ్చాను. ల్యాప్‌టాప్ ఫ్యాను ఇంకా తిరుగుతోంది. కబురు తెలియని పిల్లలెవరో లోపల పనిచేస్తున్నట్టున్నారు, తెర మీద అక్షరాలు పడుతున్నాయి. బటన్ నొక్కిపట్టి ఆపేశాను. సేవ్ చేయకుండా ఆపితే పిల్లలు లోపల చేసిందంతా ఆ స్విచ్‌లు మరిచిపోతాయి. అది నాకు తెలుసు. ఆమె ఫోన్లో వందసార్లు చెప్పగా విన్నదే.

పదకొండో రోజున ఆ ముగ్గురిలో ఒక అమ్మాయి కోరుట్ల నుంచి వచ్చింది. "సార్, మేడం ల్యాప్‌టాప్ ఒక్కపారి ఇస్తరా? వచ్చే నెల ఇంటర్వ్యూ ఉంది. రెండు నెల్ల సంది మేం చేసిందంత అండ్లనే ఉంది."

"చెడిపోయింది" అన్నాను.

"అయ్యో" అంది. తెచ్చిన అరటిపళ్ళు బల్ల మీద పెట్టి వెళ్ళింది.

ఇవాళ ఆ అమ్మాయే ఫోన్ చేసింది. "మళ్ల మొదటికెల్లి మొదలువెట్టినం సార్. మేడం ఎట్ల చెప్పిందో ఒకలకొకలం యాది చేసుకుంట చేస్తున్నం. మీరు తిన్నరా?"

"తిన్న" అన్నాను. అదీ అబద్ధమే.

ఆమెను తలుచుకోవడానికి వాళ్ళు ముగ్గురున్నారు. నేను ఒక్కణ్ణి. మళ్ళీ అసూయే. కాని ఆ పిల్ల గొంతులో నా మీద అనుమానం కూడా లేదు. ఆమె నేర్పిన పిల్లలు మరి.

రేపు పొద్దున మొదటి బస్సుకు ల్యాప్‌టాప్ తీసుకుని కోరుట్ల వెళ్తాను. అది చెడిపోలేదని, ఆపింది నేనేనని చెప్తాను. తిడితే పడతాను. తరువాత, వాళ్ళు పొమ్మనేదాకా, వెనక కుర్చీలో కూర్చుని, ఆమె ఎలా చెప్పేదో వింటాను.